శుభ్రం చేసిన టేపు

“అమ్మా, ముందు నువ్వా పెట్టె మీంచి లే.”

“లేవను.”

“కుర్చీలొచ్చేశాయి. మైకొచ్చేసింది. సాయంత్రం పెద్ద పెద్దవాళ్లంతా వస్తున్నారు. నాన్నగారి సంస్మరణ సభ పెట్టుకుని నువ్విలా ట్రంకుపెట్టె మీద బాసింపట్టేసుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?”

“బాగోకపోతే వాళ్లని రావద్దను.”

ప్లీడరు నెత్తి కొట్టుకున్నాడు. ఆ నోరు మామూలు నోరు కాదు. దాని ముందు నిలబడ్డ సాక్షులు సొంత పేరు మర్చిపోయి పక్కవాడి పేరు చెప్పేవారు. ఒకసారైతే అతని వాదన విని అవతలి ప్లీడరు కళ్లు తుడుచుకుని, తన మనిషినే లోపలెయ్యమని జడ్జిగారిని బతిమాలాడట. అంతటి నోరూ కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి నిన్నటినుంచీ పళ్లరిగిన రంపంలా ఆడుతోందే కానీ ఏమీ తెగడం లేదు.

పెద్దావిడ ఆ పెట్టె మీదే కాఫీ తాగింది. ఆ పెట్టె మీదే తల దువ్వుకుంది. కునుకు కూడా దానిమీదే తీసింది, అదీ ఒక కన్ను తెరిచి.

పెట్టెలో ఆయన వయొలిన్ ఉంది. ఉద్యోగమున్నంతకాలం నీళ్ల పంపుల ఇంజనీరుగా చేసి, పంపులతో పాటే ముసలివాడై, ఈమధ్యే పోయి, పోయినవారం దాకా ఈ ఇంట్లో అందరి ఏడుపులకీ కారణమైన ఆ మనిషి వదిలిపెట్టి వెళ్లింది అదొక్కటే. దాన్ని ఇవాళ సభలో సంగీత సంఘానికి అప్పగిస్తారట. వాళ్లు గాజు బీరువాలో పెట్టుకుంటారట. ఈ సంగతి పెద్దావిడకి కొడుకు చెప్పలేదు. నిన్న ఎవడో వడ్రంగి ఇంటికొచ్చి, వయొలిన్‌ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొడుగూ వెడల్పూ కొలతలు తీసుకుంటుంటే తెలిసింది. పోయిన మనిషికి కొలతలు తీసినట్టు తీశాడు. అది ఆవిడ చూసింది. వాణ్ణి తరిమేసి, వయొలిన్ పెట్టెలో పెట్టి, మూత మీద కూర్చుంది.

“నాన్నగారికి అది గౌరవమమ్మా.”

“ఎప్పట్నుంచిరా ఆయన నీకు నాన్నగారు? బతికున్నన్నాళ్లూ నాన్న. కోపమొస్తే ‘ఈ మనిషి’. పోయాక గారు మొలిచిందా?”

గుమ్మంలో నిలబడ్డ కూతురు ఫక్కున నవ్వింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి తెల్ల బట్టల్లోనే ఇటు వచ్చేసింది.

“నువ్వు నవ్వకు,” అన్నాడు ప్లీడరు. “నీకేం పోయింది? రేపు పొద్దున నలుగురిలో తిరిగేది నేను.”

“నలుగురిలో తిరగడానికి కాదులే అన్నయ్యా, నలుగురి ముందు కూర్చోడానికి. సంఘం అధ్యక్షుడి కుర్చీ ఖాళీ అవుతోందటగా.”

ప్లీడరు గోడకున్న మేకు వంక చూశాడు. ఆ మేకులో ఏముందో ఆ దేవుడికే తెలియాలి, చాలాసేపు చూశాడు.

“ఓహో,” అంది పెద్దావిడ. “చప్పట్లాయన దిగుతాడు, నువ్వెక్కుతావు. మధ్యలో మీ నాన్న మెట్టు.”

సంఘం అధ్యక్షుడికి చప్పట్లాయన అని పేరు పెట్టింది ఇంజనీరే. ఏ కచేరీలోనైనా పాట పూర్తి కాకముందే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది ఆయనే. పాడేవాళ్లు ఊపిరి తీసుకోడానికి భయపడేవారు, ఆ సందులో చప్పట్లు దూరిపోతాయని.

రిటైరైన కొత్తలో ఇంజనీరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వయొలిన్ చంకన పెట్టుకుని ఆ సంఘానికి వెళ్లాడు. ఒక సాయంత్రం వాయించుకోడానికి చోటిమ్మని అడిగాడు. చప్పట్లాయన ఎగాదిగా చూసి, “మీరు పంపులాయన కదూ? మంచి సమయానికొచ్చారు. మా మోటారు నీళ్లు ఎక్కించడం లేదు, ఓసారి చూసిపెడతారా?” అన్నాడు. ఇంజనీరు వయొలిన్ గోడకానించి, చొక్కా చేతులు మడిచి, మోటారు బాగుచేసి ఇంటికొచ్చాడు. ఏం జరిగిందని అడిగితే, “మోటారు మంచిదే, పాపం ఎవరూ పట్టించుకోవడం లేదు,” అన్నాడు. అంతే. ఆ చొక్కా మీద నూనె మరకని పెద్దావిడ ఎంత ఉతికినా పోలేదు. ఆవిడ మనసులోంచీ పోలేదు.

“ఆ గుమ్మం ఆయన మళ్లీ తొక్కలేదు. ఆయన వయొలిన్ మాత్రం ఎందుకు తొక్కాలి?”

“అమ్మా, నీక్కావలసిందేంటో చెప్పు. ఏదైనా సరే.”

ప్లీడరు అలసిపోయి అన్న మాట అది. కానీ పెద్దావిడ ముఖంలో ఏదో కదిలింది. కాళ్లు పెట్టె మీంచి కిందికి దించింది.

“టేపు వేస్తావా?”

“వేస్తున్నాంగా! సభలో అసలు విశేషమే అది.”

“ఏ టేపు? నేనడిగేది నువ్వు పట్టుకెళ్లిన ఆ పంపుహౌసు టేపు.”

“అదే. స్టూడియోలో ఇచ్చి బాగుచేయించాను. శుభ్రంగా, నిన్న తీసినట్టు వినిపిస్తుంది.”

పెద్దావిడ లేచి నిలబడింది. మోకాళ్లు పటపటమన్నాయి. “అయితే పట్టుకుపో,” అంది. “వయొలిన్ పోతే పోయింది, ఆ టేపు వినిపించు. నాకు ఆయన గొంతు వినిపించు.”

ప్లీడరు పెట్టె మూత తీయడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే, తల ఎత్తకుండా, “వింటావులే,” అన్నాడు.

*

ఆ టేపు కథ ఇది.

అప్పట్లో వాళ్ల కాపురం పంపుహౌసు పక్క క్వార్టర్లో. ఆ పంపు అలాంటిలాంటి పంపు కాదు. అది తిరుగుతుంటే గిన్నెలో పాలు వాటంతటవే వెన్న కట్టేవని పెద్దావిడ చెబుతుంది. పాలవాడు కాదంటాడు, వాడి మాట ఎవరు నమ్ముతారు? పగలూ రాత్రీ ఒకటే మోత, ఏనుగుల మంద గుర్రుపెట్టినట్టు. పిల్లలు ఆ మోతలోనే పుట్టారు, ఆ మోతలోనే ఎక్కాలు నేర్చుకున్నారు. కరెంటు పోయి పంపు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు.

ఇంజనీరు దానికే వయొలిన్ శ్రుతి చేసుకునేవాడు. వేరే శ్రుతి కావాలని ఎన్నడూ అనలేదు. సాయంత్రం ఊరంతా కుళాయిలు విప్పితే పంపు మీద బరువు పడి ఆ మోత మెల్లగా కిందికి జారేది. ఆయన వేళ్లూ దానితో పాటే జారేవి. కుళాయిలు కట్టేస్తే పంపు తేరుకుని పైకి లేచేది. ఆయనా లేచేవాడు. మధ్యమధ్య కమాను పైకెత్తి ఊరికే నిలబడేవాడు, ఇప్పుడు నువ్వు పాడు అని పంపుకి వంతు ఇచ్చినట్టు.

ఒకసారి ఎవరి దగ్గరో టేపు మిషన్ అడిగి తెచ్చి, కిటికీలో పెట్టి వాయించాడు. వంటింట్లోంచి ఆవిడ అరిచింది, “ఆ కిటికీ మూసి చావండి, ఆ పంపు నా బుర్ర తినేస్తోంది!” అని. ఆయన కమాను ఎత్తి నవ్వాడు. “మూస్తే ఎలాగే? బయటొక శ్రుతిపెట్టె, లోపలొక శ్రుతిపెట్టె. రెండూ ఉంటేనే నాకు పాట,” అన్నాడు. ఆవిడకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏం చేస్తున్నానో తెలీకుండానే గిన్నె తోముతూ ఆ పాటని కూనిరాగం తీసింది. జన్మలో ఆవిడ పాడింది ఆ ఒక్కసారే.

అదంతా టేపులో ఉంది. ఆ మోత, ఆ నవ్వు, ఆ శ్రుతిపెట్టె మాట, ఆవిడ కూనిరాగం, గిన్నె చప్పుడుతో సహా.

తర్వాత మిషన్ ఎవరిది వాళ్లకిచ్చేశారు. టేపు చక్రం మాత్రం బట్టలో చుట్టి దాచారు. వినే సాధనం లేక ఎన్నో ఏళ్లుగా ఆవిడ దాన్ని చేత్తో తడుముకుని మళ్లీ చుట్టిపెట్టేది. ఆయన పోయాక మరీను.

*

ముందుగదిలో ఫొటో పెట్టారు. నిలువెత్తు ఫొటో. పెద్దావిడ దాని ముందు నిలబడి కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది.

“ఎవరిదే ఈ ఫొటో?”

కోడలు ఉలిక్కిపడింది. “అదేమిటత్తయ్యా, మావయ్యగారిదే.”

“ఆయనదా? వాళ్లన్నగారిదేమో అనుకున్నాను. వాళ్లకి సినిమాల్లో చేరిన అన్నగారొకరు ఉన్నట్టు నాకు చెప్పనేలేదు.”

“కొంచెం రంగు తేల్చారంతే.”

“చెవి మీద కాయ ఏది?”

ఇంజనీరు కుడిచెవి మీద ఒక కాయ ఉండేది. పెద్ద స్క్రూడ్రైవరు మొన పంపుకి ఆనించి, పిడి చెవికి అదిమి, లోపల ఏం అరుగుతోందో వినడం ఆయన పద్ధతి. జీవితమంతా అదిమి అదిమి అక్కడ చర్మం చెప్పు అడుగులా గట్టిపడింది. పెళ్లాం రహస్యాలు ఆ చెవిలో చెబితే వినిపించేవి కావు. పంపు రహస్యాలే వినిపించేవి.

“బాగోలేదని తీయించేశారత్తయ్యా,” అంది కోడలు నీళ్లు నములుతూ. “వెంట్రుకలు కూడా.”

“మంచిది. చెవులు కూడా తీయించేయకపోయారా, ఇంకా శుభ్రంగా ఉండేవాడు.”

గదిలో ఏదో మల్లెపూల సెంటు కొట్టారు. ఆయన ఒంటికి ఎప్పుడూ గ్రీజు వాసన. పెద్దావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

జనం వచ్చారు. వచ్చినవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టినా ఇంకా వేళ్లు మిగులుతాయి. వెనక వరసలో, చెప్పుల దగ్గర, గ్రీజు బాబాయి ఒదిగి కూర్చున్నాడు. ఆయన పంపుహౌసు ఫోర్‌మన్. ఇంజనీరు కుడిభుజం. ఆ పేరు పిల్లలు పెట్టింది. ప్లీడరు ఆయన్ని చూసి, చూడనట్టు మైకు సరిచేశాడు.

చప్పట్లాయన లేచాడు. అప్పటిదాకా పళ్లెంలో ఏదో నూనె కారే తినుబండారం తింటున్నాడు. చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నాడు, వేళ్లు మర్చిపోయాడు. ఆ వేళ్లతోనే బల్ల మీద పెట్టిన వయొలిన్ తీగని టింగుమనిపించాడు.

పెద్దావిడ ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

“ఆయనా, నేనూ,” అన్నాడు చప్పట్లాయన, “శరీరాలు రెండు, ప్రాణం ఒకటి. మా సంఘంలో ఆయన వాయించని సాయంత్రం సాయంత్రమే కాదు. ‘మీరు రోజూ రావాలి’ అని నేను, ‘మీ దగ్గర తప్ప ఎక్కడ వాయిస్తాను’ అని ఆయన!”

“అమ్మా, కూర్చో,” అని కూతురు చెవిలో అంది.

“కూర్చునే ఉన్నానే.”

“లేస్తున్నావు.”

“ఆయన చేయి తగిలి మా సంఘం ఎన్నిసార్లు పులకించిందో!” అన్నాడు చప్పట్లాయన.

“మీ మోటారు పులకించింది,” అంది పెద్దావిడ. మెల్లగానే అంది. కానీ పంపు పక్కన కాపురం చేసిన గొంతు కదా, ఆవిడ మెల్లగా అన్నది మూడు ఇళ్ల అవతలికి వినిపిస్తుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

“ఇంజనీరుగారికి ‘నాదయోగి’ అని మా సంఘం బిరుదు ఇస్తోంది,” అని చప్పట్లాయన గబగబా ముగించాడు. అని, తన మాటకి తనే ముందు చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత ఒకాయన లేచి, ఇంజనీరు పంపుల ఉద్యోగం పొట్టకూటి కోసం ముక్కు మూసుకుని చేశాడనీ, ఆత్మ అంతా సంగీతంలోనే ఉండేదనీ అన్నాడు. ఇంకొకాయన ఆ యంత్రాల రొద మధ్య అంత సుకుమారమైన మనసు ఎలా నలిగిపోయిందో అని కళ్లొత్తుకున్నాడు. తడిలేని కళ్లు. చేతిరుమాలు ఇస్త్రీ కూడా నలగలేదు.

పెద్దావిడ ఇక ఆగలేకపోయింది. “గ్రీజు బాబాయీ!” అని వెనక్కి తిరిగి పిలిచింది. పిల్లలు పిలిచే పిలుపు ఆవిడకీ అలవాటైపోయింది. “నువ్వు మాట్లాడు.”

“నాకెందుకమ్మగారూ, పెద్దల్లో…”

“మాట్లాడు. లేకపోతే నేను లేచి మాట్లాడతాను.”

ఆ బెదిరింపుకి ప్లీడరే మైకు వదిలేశాడు.

గ్రీజు బాబాయి వచ్చి మైకుని రెంచీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “అయ్యగారు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, ‘ఒరే, దీనికి జలుబు చేసిందిరా’ అనేవారండీ. విప్పి చూస్తే నిజంగానే బేరింగులో నీరు చేరుండేది. ఓసారి మేం బస్సులో పోతున్నాం. సగం దారిలో అయ్యగారు బస్సాపించి దిగిపోయారు. ఏంటయ్యగారూ అంటే, ‘ఇంజను అపస్వరం పలుకుతోందిరా, కూర్చోలేను’ అన్నారు. ఇద్దరం నడిచొస్తున్నాం. కొంతదూరం పోయాక చూస్తే ఆ బస్సు రోడ్డు పక్కన పొగలు కక్కుతూ ఆగుంది. డ్రైవరు అయ్యగారి కాళ్లట్టుకున్నాడు. అయ్యగారు బాగుచేసిచ్చారు కానీ ఎక్కలేదు. ‘ఇంకా కొంచెం బొంగురుంది’ అన్నారు.”

గది మొత్తం నవ్వింది. ఆ పూట మొదటిసారి ఆ గదిలో ఇంజనీరు ఉన్నట్టనిపించింది పెద్దావిడకి.

“క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడికొచ్చాక నిద్రపట్టలేదండీ అయ్యగారికి. పంపు లేదు కదా మరి. పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నారు. అందులో ఏమీ పెట్టనిచ్చేవారు కాదు, నీళ్ల సీసా కూడా. పెడితే శ్రుతి మారిపోతుందని. ఉత్త ఫ్రిజ్ ఊరికే…”

“సమయం తక్కువగా ఉన్నందువల్ల,” అంటూ ప్లీడరు మైకు లాక్కున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఇప్పుడు నాన్నగారి గాత్రం… అంటే, వాద్యం. మీకోసం ప్రత్యేకంగా.”

స్టూడియో మనిషి మిషన్ మీద చక్రం ఎక్కించాడు. అదే చక్రం. అంచు మీద పెద్దావిడ వేలిముద్రలు పడి పడి నల్లబడ్డ చోటు కూడా కనిపిస్తోంది. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపులకి కూర్చున్న పిల్లలా కూర్చుంది.

చక్రం తిరిగింది.

వయొలిన్ మొదలైంది. ఒక్క వయొలిన్. దాని కింద ఏమీ లేదు. గోడ లేకుండా గాల్లో వేలాడుతున్న మేకులా ఉంది ఆ స్వరం.

పెద్దావిడ ముందుకి వంగింది. పంపు వినపడలేదు. తన చెవులే పోయాయేమో అనుకుని కూతురి వైపు చూసింది. కూతురి ముఖం పాలిపోయింది.

కాసేపటికి వయొలిన్ కిందికి జారింది. ఊళ్లో కుళాయిలు విప్పారన్నమాట. కానీ ఈ గదిలో కూర్చున్నవాళ్లకి ఆ కుళాయిలు ఎలా తెలుస్తాయి? వాళ్లకి వినిపించింది శ్రుతి తప్పిన ముసలాయన. ఒకావిడ ముఖం చిట్లించింది. మళ్లీ పైకి లేచింది, ఎక్కడికో, ఎందుకో. పక్కాయన దగ్గి కుర్చీలో కదిలాడు.

కమాను ఆగింది. నిశ్శబ్దం.

“ఆ కిటికీ మూసి చావండి,” అని రావాలి ఇక్కడ. ఆవిడ పెదాలు కదిలాయి. రాలేదు. నవ్వు రావాలి. రాలేదు. శ్రుతిపెట్టె అన్న మాట రాలేదు. ఆసుపత్రి గోడల్లాంటి తెల్లటి నిశ్శబ్దం. ఆయన వాయించడం మర్చిపోయి దిక్కులు చూస్తున్నట్టుంది.

చప్పట్లాయన చప్పట్లు కొట్టాడు, అయిపోయిందనుకుని.

వయొలిన్ మళ్లీ మొదలైంది. ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎవరో కుర్రకారు నవ్వాపుకోలేక తల కిందికి దించారు. వెనకనుంచి ఒక గుసగుస స్పష్టంగా వినిపించింది, “పాపం, పెద్దాయనకి శ్రుతి జ్ఞానం లేదు కాబోలు.”

పెద్దావిడ లేచింది.

“పంపు ఏదిరా?”

“అమ్మా, తర్వాత…” ప్లీడరు వచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు.

“పంపు ఏది? నా గొంతేది? ఆయన గొంతేది?”

“అదంతా వెనకాల రొద కదమ్మా. తీయించేశాను. పెద్దవాళ్ల ముందు ఆ ఫ్యాక్టరీ మోతా, గిన్నెల చప్పుళ్లూ, తిట్లూ… బాగుంటుందా? జీవితమంతా పంపులాయన కొడుకు, పంపులాయన కొడుకు అనిపించుకున్నాను. ఒక్క పూట…”

“సరే. అసలుది తెచ్చిపెట్టు. ఇంట్లో నేనొక్కదాన్నే వింటాను.”

ప్లీడరుకి ఈసారి చూడ్డానికి దగ్గర్లో మేకు కూడా లేదు.

“మాట్లాడరా.”

“దాని మీదే ఎక్కించాం,” అన్నాడు గొంతులోంచి. “గాజు బీరువాలో పాత చక్రమే ఉంటే బాగుంటుందని… శుభ్రం చేసింది మళ్లీ దానిమీదే ఎక్కించమన్నాను.”

“అంటే చెరిపేశావు.”

“వేరేగా దాచమని చెప్పడం తట్టలేదమ్మా.”

పెద్దావిడ భుజం మీది కొడుకు చేతిని చూసింది. ఎంగిలి విస్తరి మీద ఈగని చూసినట్టు చూసింది. చేయి దానంతటదే తొలగిపోయింది. ఆవిడకి ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగుండేది. ఆ సెంటూ, ఆ ఫొటో, ఆ నూనె వేళ్లూ, తన కడుపున పుట్టిన ఈ ఇస్త్రీ మనిషీ, అన్నీ కలిపి ఒక్కసారి వాంతి చేసుకోవాలనిపించింది.

“వెళ్లిపోదాం రామ్మా,” అంది కూతురు.

పెద్దావిడ కదిలేదే. కానీ ఆ గుసగుస ఇంకా చెవిలో గింగురుమంటోంది. శ్రుతి జ్ఞానం లేదట. ఎవరికి? బస్సు దిగి నడిచిన మనిషికి. ఇప్పుడు తను వెళ్లిపోతే ఈ గదిలో వాళ్లందరూ ఆ మాటే మోసుకుని ఇంటికి పోతారు. దానిమీద నాదయోగి అని ముద్ర కూడా ఉంటుంది.

“మొదట్నుంచి మళ్లీ వెయ్యి,” అంది స్టూడియో మనిషితో.

“అమ్మా!”

“వెయ్యి నాయనా. వీడు నీకేం చెప్పడు.”

చక్రం వెనక్కి తిరిగింది. ఆవిడ కళ్లు మూసుకుంది. కొంగు నడుముకి దోపింది. నోరు మూసుకుని, ఛాతీ లోపల ఎక్కడో అడుగునుంచి, ఒక మోత తీసింది.

మ్‌…

అది పాట కాదు. ఎవరూ దాన్ని పాట అనరు. కాపురమంతా గోడల్లోంచి, మంచం కోళ్లలోంచి, నీళ్ల బిందెలోంచి ఆవిడ ఎముకల్లోకి ఎక్కిన పంపు అది. బల్ల మీది గాజు గ్లాసులు సన్నగా వణికాయంటే నమ్మండి, నమ్మకపోతే మీ ఇష్టం. వెనక వరసలో గ్రీజు బాబాయి మాత్రం ఠక్కున లేచి నిలబడ్డాడు, డ్యూటీ గంట కొట్టినట్టు.

వయొలిన్ మొదలైంది. ఈసారి అది గాల్లో వేలాడలేదు. వచ్చి ఆ మోత మీద కూర్చుంది.

కుళాయిలు విప్పే చోటు వచ్చింది. ఆవిడ మోత మెల్లగా కిందికి దిగింది. వయొలిన్ దాని చెయ్యి పట్టుకుని మెట్టుమెట్టుగా దిగింది. ఇందాక ముఖం చిట్లించినావిడ నోరు కొంచెం తెరుచుకుంది. పంపు తేరుకునే చోట పెద్దావిడ మోత పైకి లేచింది, వయొలిన్ లేచింది. కుర్చీల్లో ఎవరూ దగ్గలేదు.

కమాను ఆగింది. నిశ్శబ్దంలో ఆవిడ మోత ఒక్కటే నిలబడింది. ఆయన వంతు ఇచ్చాడు, ఆవిడ తీసుకుంది.

చప్పట్లాయన చేతులు కదలబోయాయి. గ్రీజు బాబాయి అటు వైపు ఒక చూపు చూశాడు. ఆ చేతులు పిరుదుల కిందికి పోయి దాక్కున్నాయి.

కానీ పంపుకి ఊపిరి అక్కర్లేదు. పెద్దావిడకి కావాలి. రెండో జారుడు వచ్చేసరికి ఛాతీ పట్టేసింది. మోత వణికింది, సన్నబడింది, తెగింది. ఇక వయొలిన్ మళ్లీ అనాథ అయిపోతుందని ఆవిడ పళ్లు బిగించింది.

అవలేదు.

మోత ఆగలేదు. ఎక్కడినుంచో వస్తూనే ఉంది, కొంచెం లావుగా, కొంచెం బొంగురుగా. సరిగ్గా జారవలసిన చోట జారింది.

గ్రీజు బాబాయి అనుకుంది ఆవిడ. కళ్లు తెరిచి చూస్తే ఆయన తువాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. కూతురా అంటే కూతురు ఆవిడ నడుం పట్టుకుని నిలబడి, మిషన్ వైపు నోరెళ్లబెట్టి చూస్తోంది.

మిషన్ పక్కన ప్లీడరు. ఆపేయడానికి వెళ్లినట్టున్నాడు, వేలు మీట మీదే ఉంది. కళ్లు మూసుకున్నాడు. పెదాలు మూసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా గుండీల వెనక ఛాతీ అదురుతోంది. ఎక్కాలు నేర్చుకున్న చోటునుంచి వస్తోంది ఆ మోత.

పెద్దావిడకి జాలి వేయలేదు. ఆ రోత ఇంకా గొంతులో అలాగే ఉంది. చెరిపేసిన చెయ్యి అదే, మీట మీదున్న చెయ్యి అదే.

ఆవిడ నడిచి చప్పట్లాయన ముందుకి వెళ్లింది. ఆయన అప్పటికే వయొలిన్‌ని ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాడు. ఆవిడ రెండు చేతులూ చాపింది.

“ఇటివ్వండి.”

చప్పట్లాయన వయొలిన్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకుని, ఆవిడ భుజం మీదుగా ప్లీడరు వైపు చూశాడు. “ఏమండీ,” అన్నాడు, “ఇచ్చేయమంటారా, మా దగ్గరే ఉంచమంటారా?”

గది మొత్తం అటు తిరిగింది.

ప్లీడరు కళ్లు తెరిచాడు. ఒక వైపు తల్లి చాపిన చేతులు, ఒక వైపు అధ్యక్షుడి కుర్చీ. ఏదో ఒకటి చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే ఆ మోత ఆగిపోతుంది. టేపులో తండ్రి కమాను అప్పుడే పైకి లేస్తోంది, వంతు ఇవ్వడానికి.